గొడుగు పాట తీసేయండి!

పార్టీలు మారే నాయకుల్ని తిట్టకండి. మన ఫోన్లు ఈమాత్రం శుభ్రంగా ఉన్నాయంటే వాళ్ల పుణ్యమే!

నేను పాటల పిచ్చోణ్ణి. సూర్యాపేటలో కొట్టు ముందు నిలబడి మెమరీ కార్డులో పాటలు ఎక్కించుకున్న కాలం నుంచి ఒక్కటీ పారేసినవాణ్ణి కాదు. బరాత్ పాటలు, బతుకమ్మ పాటలు, చచ్చిపోయిన ఫోన్ల రింగ్‌టోన్లు... అన్నీ గడ్డివాములా పేర్చుకున్నా. ఏది ఉంచాలో ఏది తీయాలో తెలియని అజ్ఞానిని. నా కళ్లు తెరిపించింది మా ధర్మేందరన్న!

మా మండలానికి ఆయనే పెద్ద లీడరు. మొదట కుండ పార్టీ, తర్వాత గొడుగు పార్టీ, ఇప్పుడు నిచ్చెన పార్టీ. కండువా మారినప్పుడల్లా కోదాడ స్టూడియోలో కొత్త పాట తయారవుతుంది. మరీ కొత్తదేం కాదు. బాణీ అదే, డప్పు అదే, పులీ సింహమూ అవే. గుర్తు మాత్రం మారుతుంది. కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి ఫోన్లలో ఎక్కించి, రింగ్‌టోన్‌గా పెట్టి మరీ పోతారు.

ఎక్కించడానికి మనుషులొస్తారు. తీయడానికి ఎవరూ రారు! అది మన బాధ్యత. పౌరుడన్నాక ఆ మాత్రం తెలివి ఉండొద్దా?

మా పక్కింటి రవికి లేకపోయింది. నన్నూ ఎక్కించుకుని వడ్ల ట్రాక్టరు మిర్యాలగూడ మిల్లుకు తోలుకుపోయి, లైన్లో పొద్దుపోక పెన్‌డ్రైవ్ పెట్టాడు. గొడుగు పాట మోగింది. మిల్లు యజమాని నిచ్చెన మనిషి. అంతే, పొద్దున గలగలలాడిన వడ్లలో మధ్యాహ్నానికి తేమ పుట్టింది! సంగీతానికి వానలు పడతాయంటే నమ్మలేదు గానీ, ఇది కళ్లారా చూశాను. రవి అక్కడికక్కడే పెన్‌డ్రైవ్ ఖాళీ చేశాడు. వడ్లు వెంటనే ఆరిపోయాయి.

ఇక బుచ్చమ్మ సంగతి. నాట్లకూ కలుపులకూ పోయి బతికే ముసలామె. పోయిన వానలకు ఇంటి గోడ కూలింది. అప్పటినుంచీ టార్పాలిన్ కిందే కాపురం. ఎట్టకేలకు సర్కారు ఇల్లు మంజూరైంది. పునాదికి ముగ్గు పోయడానికి ధర్మేందరన్న నిచ్చెన కండువాతో స్వయంగా విచ్చేశాడు. సరిగ్గా కొబ్బరికాయ ఎత్తినప్పుడు బుచ్చమ్మ రొంటిన దోపుకున్న ఫోను గొంతెత్తింది.

“గొడుగు కింద పులిబిడ్డ మా ధర్మేందరన్నా...”

అన్న ముఖం మాడింది. “ఏందవ్వా, ఇంకా గొడుగోళ్ల మనిషివేనా?”

“నేను నీ మనిషినే సారూ! నీ పోరగాళ్లే ఎక్కిచ్చి పోయిండ్రు. జర ఇనుర్రి, పాటల నీ పేరే ఉన్నది గద!”

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వే కొంప ముంచింది. అన్న కాయ కొట్టకుండానే కారెక్కాడు. ఇల్లు ఇంకొకాయనకు పోయింది. ఆయన ఫోన్లో నిచ్చెన పాట తప్ప ఇంకోటి మోగదు. రెండంతస్తుల మేడ ఉందట. ఉంటే ఏం? మూడోది వేసుకుంటాడు. నిచ్చెన ఉంది కదా!

తప్పెవరిది? ముమ్మాటికీ బుచ్చమ్మదే! పాపం, ఆయన ఈ వయసులో మూడు పార్టీలు మారితే, ఈమె ఒక్క పాట మార్చుకోలేకపోయింది!

అందుకే నేను ఫోను ముందేసుకుని కూర్చున్నా. కుండ పాట తీశాను. గొడుగు పాట తీశాను. రేపెటు దూకుతాడో అని నిచ్చెన పాట కూడా తీసేశాను. అంతటితో ఆగక, సంఘసేవ కింద బుచ్చమ్మ దగ్గరికీ వెళ్లాను. ఆమె టార్పాలిన్ మీద నిలిచిన వాన నీళ్లను కర్రతో ఎత్తిపోస్తోంది.

“పాట తీసేసిన అవ్వా. ఇగ నీకు పరేషాన్ లేదు.”

“పాట తీసినవ్ సరే బిడ్డా. గా మనిషిని తీసే బటన్ యాడున్నదో గది సూపియ్యి.”

“అది ఫోన్ల ఉండదవ్వా. ఓట్ల మిషన్ల ఉంటది.”

బుచ్చమ్మ కర్ర ఆపి నా వంక చూసింది.

“గది నొక్కలేదనుకున్నవా? మొన్న ఊరంత లైన్ల నిలబడి గొడుగును ఓడగొడితిమి గద. నెల తిరక్కముందే నిచ్చెనెక్కి, మళ్ల మా నెత్తి మీదికే దిగె!”