హైమవతికి తగిన చరిత్ర

అన్యాయం జరిగింది ఎవరికి? ఎలా జరిగింది? ఈ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పకుండా చరిత్ర మొదలుపెట్టకూడదని నా దృఢాభిప్రాయం. అన్యాయం జరిగింది ఐదేళ్ళ హైమవతికి. ఈ అరవై తొమ్మిదిలో ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం వల్ల బడులు మూతపడ్డాయి. ఆ పిల్లకు ఇంట్లోనే చరిత్ర చెప్పాలని పెద్దలు తీర్మానించారు.

అన్యాయం అన్నానా? పొరపాటు! మహాభాగ్యం!

బడి ఉంటే ఏమవుతుంది చెప్పండి? అందరు పిల్లలకూ ఒకటే అశోకుడు, ఒకటే అక్బరు. రెడీమేడ్ గౌను లాంటి చరిత్ర! ఇంటి చదువు అలా కాదు. పిల్ల కొలతలకు, అంతకంటే ముఖ్యంగా పెద్దల కొలతలకు, సరిగ్గా కుట్టించుకోవచ్చు. బిగుతైన చోట వదులు చేయవచ్చు. ఇబ్బంది పెట్టే చోట కత్తిరించి పారేయవచ్చు.

హైమవతి తండ్రి రాజారావు గోదావరి జిల్లా నుంచి పటాన్‌చెరు దగ్గరి ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చినవాడు. తల్లి కమల, సంగారెడ్డి బజారులో పెసలు, కందులు బేరం చేసే పాండురంగం గారి కూతురు. రాష్ట్రం ఒకటిగా ఉండాలా, రెండు కావాలా అని ఊరూరా వాదులాడుకుంటున్న రోజుల్లో ఒక్క పిల్లలో రెండు ప్రాంతాలు! ఇంతకంటే అనువైన విద్యార్థిని దొరుకుతుందా?

పాఠాల ఎంపికకు ప్రతి ఆదివారమూ రాజారావు ఇంట్లో సభ. పక్కింటిదాన్ని, సికిందరాబాదు కాన్వెంటులో చదివినదాన్ని కనుక అధ్యక్షత నాది. ఇంగ్లండు రాజుగారి ఆరుగురు భార్యల పేర్లు వరుస తప్పకుండా చెప్పగలను. నేను పుట్టిన ఊరిని ఎవరు ఏలారో మాత్రం ఏ సిస్టరూ చెప్పలేదు. చరిత్రకు తీర్పరిగా ఉండటానికి ఇంతకు మించిన అర్హత ఏముంది?

పాండురంగం గారి మతం ప్రకారం, వారి తాతగారు సంగారెడ్డిలో దుకాణం తెరిచేవరకు మానవజాతి చీకట్లో ఉంది. రాజారావు తండ్రి త్రినాథరావు గారి సిద్ధాంతం వేరు. నాగరికత గోదావరి ఒడ్డున పుట్టి, లాంచీ ఎక్కి, రైలు మారి, అపాయింట్‌మెంటు ఆర్డరు జేబులో పెట్టుకుని పటాన్‌చెరులో దిగిందట!

"మీరు రాకముందు మేం గడ్డి తిన్నమా, బావగారూ?" అని పాండురంగం గారు.

"అయ్యో, అంత మాట నేనన్నానా? జొన్నరొట్టె తిన్నారు కదండీ!" అని త్రినాథరావు గారు.

ఒక ఆదివారం గోదావరి ఆనకట్టను చేర్చారు. మరుసటి ఆదివారం దాన్ని తీసేసి మంజీరాను చేర్చారు. కమల టీ గ్లాసులు పెడుతూ, "దానికి ఇంకా జెడ అల్లుకోనీకే రాదు నాయనా. గింత చరిత్ర యాడ మోస్తది?" అంది. ఆడవాళ్ళ వ్యాఖ్యలను మినిట్స్‌లో రాయకూడదని తాతలిద్దరూ ఏకగ్రీవంగా తీర్మానించారు. వారు ఏకీభవించిన ఏకైక అంశం అది!

పాఠాలు ఇంకా ఖరారు కాలేదు. ఒకనాటి సభకు పాండురంగం గారి భార్య ఆదిలక్ష్మి కూడా వచ్చింది. ఆమె ఆ ఇంట్లో నోరు విప్పగా నేను ఏనాడూ వినలేదు. మూగదేమోనని కూడా అనుకున్నాను. త్రినాథరావు గారి భార్య కనకమహాలక్ష్మి హాల్లో ఉందని గమనించక, ఆదిలక్ష్మి వంటింటి గుమ్మంలో నిలబడి పిలిచింది.

"బిడ్డా, గిట్ల రా. బువ్వ తిందువు."

హైమవతి నడుము మీద చేయి పెట్టుకుంది. మూతి వంకర తిప్పింది. "గిట్లా... రా... బిడ్డా..." అని సాగదీసి, "అలా మాట్లాడకూడదు అమ్మమ్మా. నాయనమ్మకి నవ్వొస్తుంది" అంది.

ఆదిలక్ష్మి చాచిన చేతిని వెనక్కి తీసుకుంది.

చూశారా ఇంటి చదువు మహిమ! మేము నెలల తరబడి పుస్తకం ఎంచుతూనే ఉన్నాము. పిల్ల మొదటి పాఠం కంఠస్థం చేసేసింది!

"గిది ఏ తాత చెప్పిన పాఠం?" అని కమల అడిగింది. జవాబు కూడా ఆమే చెప్పింది. తన పెళ్ళి భోజనాల్లో, మగపెళ్ళివారి తొలి బంతిలో, వాళ్ళమ్మ స్వయంగా వడ్డిస్తూ వియ్యపురాలిని మారు అడిగిందట. కనకమహాలక్ష్మి ఆ మాటనూ, ఆ యాసనూ అనుకరించి బంతి మొత్తాన్ని నవ్వించిందట. ఆ రోజు నుంచి ఆదిలక్ష్మి ఆమె ఎదుట నోరు తెరవలేదు.

"ఏదో సరదాకి అన్నానమ్మా! ఎప్పటి మాటో అది!" అంది కనకమహాలక్ష్మి.

ఎప్పటివో మాటలు కాకపోతే చరిత్ర అంటే మరేమిటమ్మా?

"నా బిడ్డ మా అమ్మను జూసి సిగ్గుపడేటట్టయితే, ఈ ఇంట్ల దాని చదువు బందు. సంగారెడ్డికి తీస్కపోత. మళ్ల రాను" అంది కమల. రాజారావు తల దించుకున్నాడు. తన తల్లి ముఖం కేసి చూడలేదు.

అధ్యక్షురాలిగా నేను తీర్పు చెప్పాను. అవమానం బంతిలో జరిగింది. క్షమాపణ కూడా బంతిలోనే జరగాలి. వంటింట్లో చెవిలో చెప్పే క్షమాపణలు చెల్లవు.

హైమవతి అక్షరాభ్యాసం బొంతపల్లి వీరభద్రస్వామి సన్నిధిలో జరిగింది. ఇరువైపుల చుట్టాలూ వచ్చారు. పెళ్ళినాడు నవ్విన వదినలు, పిన్నులు, మేనత్తలు సహా. తొలి బంతిలో మొదటి విస్తరి ముందు ఆదిలక్ష్మిని కూర్చోబెట్టాము. పక్కన హైమవతి. వడ్డించడానికి కనకమహాలక్ష్మి వంగింది.

"ఆ రోజు నేను చేసింది తప్పు వదినగారూ, క్షమించండి" అంది, విస్తరికి మాత్రమే వినిపించేటట్లు.

ఆదిలక్ష్మి తల ఎత్తింది. వియ్యపురాలితో ఇన్నేళ్ళకు మాట్లాడింది.

"ఇనవడలే వదినే. గప్పుడెంత గట్టిగ నవ్విన్రో, గంత గట్టిగ జెప్పున్రి."

కనకమహాలక్ష్మి నిటారుగా నిలబడింది. కొంగు నడుములో దోపుకుంది. పొయ్యిల దగ్గర వంటవాళ్ళు సైతం గరిటెలు ఆపి చూసేంత గట్టిగా, పెళ్ళినాడు తాను ఏమన్నదో, ఎందుకు నవ్విందో, ఎంతమందిని నవ్వించిందో, ఒక్క మాటా మింగకుండా చెప్పి, వియ్యపురాలికి చేతులు జోడించింది.

అప్పు పూర్తిగా తీరింది.