ఐదో గుంపు ప్రార్థన మనవులు

శుక్రవారం సెలవు కాబట్టి తీరిగ్గా కాఫీ తాగి, ఎండ ముదరకముందే దోహాలోని అల్ సద్ వీధుల్లో ఒక చుట్టు నడిచి రావాలని రామచంద్రరావు పథకం వేసుకున్నాడు. ప్రపంచ కప్పుకు ఇంకా ఏడాదిన్నర ఉంది. స్టేడియం పనుల్లో ప్లానింగ్ ఇంజనీరైన మనిషికి నడకకైనా పథకం ఉండాల్సిందే. అయిదుకు పది నిమిషాల ముందు కూతురు మనీషా దుప్పట్లోంచి చెయ్యి బయటికి చాచి దాన్ని చెడగొట్టింది.

"నాన్నా, ఇవాళ్టికి నా బదులు నువ్వు కూర్చోవూ! కెమెరా ఆపేసి ఉంచు. పేరు పిలిస్తే చాట్‌లో ప్రెజెంట్ అని కొట్టు, చాలు."

మనీషా గుంటూరు వైపు ఒక క్రైస్తవ కళాశాలలో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతోంది. కరోనా వల్ల కాలేజీ తెరవలేదు. పాఠాలూ, ఆరాధనా అన్నీ కంప్యూటర్ తెర మీదే. అక్కడ ఏడున్నరంటే దోహాలో అయిదు. ఆరాధన అయ్యాక పిల్లలు ఎనిమిదేసి మంది చొప్పున చిన్న గుంపులుగా విడిపోయి సహవాసం చేసుకోవాలి. డెబ్బై అయిదు శాతం హాజరు లేకపోతే హాల్ టికెట్ ఇవ్వరు. మనీషాకు సరిగ్గా డెబ్బై అయిదే ఉంది. ఈ ఒక్క శుక్రవారం పోతే ఏడాది పోయినట్టే.

రామచంద్రరావు కూర్చున్నాడు. పాటలు, వాక్యం సాఫీగానే గడిచాయి. తరువాత ఆయన్ని ఐదో గుంపులో పడేశారు. గుంపు నాయకురాలు శోభ అనే రెండో సంవత్సరం అమ్మాయి ఒక్కతే కెమెరాలో కనిపిస్తోంది. మిగతా ఏడూ పేర్లు రాసిన నల్లటి గడులు. నెట్ సరిగ్గా లేదని అందరూ చాట్‌లోనే పలుకుతున్నారు.

"మీ ప్రార్థన మనవులు రాయండి. ఒకరి కోసం ఒకరం ప్రార్థిద్దాం" అంది శోభ.

మోకాళ్ళ నొప్పి తగ్గాలని ఒకరు రాశారు. షుగరు అదుపులోకి రావాలని ఇంకొకరు. కంటి ఆపరేషను బాగా జరగాలని మరొకరు. అమ్మానాన్నల కోసం ఈ పిల్లలు పడే తపన చూసి రామచంద్రరావుకు కళ్ళు చెమర్చాయి. తన కూతురు ఏనాడైనా తన ఆరోగ్యం గురించి అడిగిందా? అడగకపోయినా, నలుగురిలో ఆ పిల్ల తక్కువ కాకూడదు కదా! "మా నాన్నగారికి గుండె దడ" అని కొట్టాడు. పూర్తిగా అబద్ధమూ కాదు, సైటుకు ఇన్‌స్పెక్షన్ వచ్చినప్పుడల్లా ఆయనకు దడే. కంటి ఆపరేషను పక్కన అది కాస్త తేలిపోతోందనిపించి, "ఎవరికీ చెప్పుకోరు. చాలా మంచి మనిషి" అని కూడా చేర్చాడు.

ఆయనకు తెలియని ఆనవాయితీ ఒకటుంది. ఒక గుంపులో వచ్చిన మనవి మిగతా గుంపులకు, అక్కడి నుంచి కాలేజీ ఆరాధనలు నడిపే చాప్లిన్ అయ్యగారికి, ఆయన నుంచి దేశదేశాల్లోని పూర్వ విద్యార్థులకు వెళుతుంది. ప్రార్థించిన ప్రతివారూ జాలితో కొంచెం చేర్చి పంపిస్తారు. ఎనిమిదింటికల్లా దడ నొప్పి అయింది. పదింటికి స్టెంటు పడింది.

రామచంద్రరావు భార్య భానుమతి శుక్రవారం పూజలో హారతి ఇస్తుండగా ఫోను మోగింది.

"వదినగారూ, నేను ప్రమీలనండీ, ఇక్కడే ఫరీజ్ బిన్ మహమూద్ పేట నుంచి. మేమూ మీ అమ్మాయి కాలేజీవాళ్ళమే, అయ్యగారు మీ నంబరిచ్చారు. ధైర్యంగా ఉండండి. స్టెంటు ఎప్పుడు వేశారు?"

"ఎవరికండీ?"

"అన్నయ్యగారికేనండీ! దారిలో ఉన్నాం, వచ్చేస్తున్నాం."

భానుమతి హారతి పళ్ళెంతోనే హాల్లోకి వచ్చింది. స్టెంటేమిటని ఆవిడ అడగ్గానే రామచంద్రరావు అంతా చెప్పేశాడు.

"రాగానే నిజం చెప్పేయండి" అంది.

"చెబితే పొద్దున కూర్చున్నది నేనేనని తెలిసిపోతుంది. పిల్ల హాల్ టికెట్ పోతుందే!"

"అయితే పడుకోండి."

ఇంట్లో బయటివాళ్ళు అయిదుగురికి మించి చేరకూడదన్న రోజులవి. పరామర్శకు వచ్చినవాళ్ళు అయిదుగురు చొప్పున రెండు విడతలయ్యారు. బార్లీ నీళ్ళు తెచ్చారు, ద్రాక్షపళ్ళు తెచ్చారు, ఒకాయన తన మధ్యాహ్నం డ్యూటీ మార్చుకుని మరీ వచ్చాడు. ప్రమీల నర్సు. వచ్చీ రాగానే రోగి చెయ్యి పట్టుకుంది. తేలుకుట్టిన దొంగలా పడుకున్న రామచంద్రరావు గుండె అప్పటికి నిజంగానే దడదడా కొట్టుకుంటోంది.

"నూట ఇరవై! అంబులెన్సు పిలవండి" అంది ప్రమీల.

రామచంద్రరావు దిగ్గున లేచి కూర్చున్నాడు. "వద్దండీ! తగ్గిపోయింది. మీ ప్రార్థన వల్లే తగ్గిపోయింది!"

ప్రమీల భర్త రత్నాకర్‌కు ఆనందం పట్టలేదు. అప్పటికప్పుడు చాప్లిన్ అయ్యగారికి వీడియో కాల్ చేశాడు. "అయ్యగారూ, బ్రదర్ లేచి కూర్చున్నారండీ!"

"స్తోత్రం! స్వస్థత పొందినవాళ్ళు సంఘంలో సాక్ష్యం చెప్పాలి కదా. సాయంత్రం ప్రత్యేక కూటం పెడదాం" అన్నాడు అయ్యగారు.

అందరూ వెళ్ళాక మనీషా తల పట్టుకుంది. "ప్రెజెంట్ అని కొట్టమన్నాను నాన్నా, అంతే!"

సాయంత్రం నాలుగింటికి రామచంద్రరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని కెమెరా ముందు కూర్చున్నాడు. తెర మీద నాలుగు వందల గడులు. శోభ సంతోషంతో ఏడుస్తోంది. తన గురించి ఎవరూ అంతగా ఏడవలేదని ఆయనకు గుర్తొచ్చింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళు సెలవు రోజు భోజనం మానుకుని తన మంచం పక్కన నిలబడ్డారు. ఆయనకు నిలువునా సిగ్గేసింది.

"అయ్యగారూ, నాకే జబ్బూ లేదండీ. పొద్దున కూర్చున్నది మా అమ్మాయి కాదు, నేను. ఆ మనవి రాసిందీ నేనే. తప్పు నాది. పిల్ల హాల్ టికెట్ మాత్రం ఆపకండి."

 ఐదో గుంపు పిల్లల పేర్లున్న నల్లటి గడుల్లో ఒకటి వెలిగింది. అందులో తెల్లమీసాలాయన ప్రత్యక్షమయ్యాడు.

"ఆ మోకాళ్ళ నొప్పి నాదేనండీ. మావాడు ఎంత లేపినా లేవలేదు."

"షుగరు నాదండీ అయ్యగారూ" అంది ఇంకో గడిలోంచి ఒకావిడ.

కంటి ఆపరేషను కూడా లేచింది, చేతిలో చుక్కల మందు సీసాతో సహా. తరువాత వేరే గుంపుల్లోనూ గడులు వెలగడం మొదలైంది. మొత్తం ఇరవై ఆరు మంది తేలారు. పొద్దున ఐదో గుంపులో అసలైన విద్యార్థి శోభ ఒక్కతే. ఆ పిల్ల ఏడుపు ఆపి కళ్ళు తుడుచుకుంది.

అయ్యగారు చాలాసేపు కళ్ళు మూసుకున్నాడు. ప్రార్థిస్తున్నాడో, లెక్కపెడుతున్నాడో ఎవరికీ తెలియలేదు.

"ఒక్కరు నిజం చెబితే ఇంతమందికి నోరు వచ్చింది. ఇంతకంటే గొప్ప సాక్ష్యం నేను వినలేదు" అన్నాడు చివరికి. "పిల్లలకు ఈసారికి హాజరు వేస్తాను, హాల్ టికెట్లూ ఇస్తాను. అయితే ఇంత శ్రద్ధగా సహవాసానికి వచ్చే తల్లిదండ్రుల్ని వదులుకోవడం నాకిష్టం లేదు. వచ్చే శుక్రవారం నుంచి మీకు ప్రత్యేకంగా ఒక గుంపు. మీకూ డెబ్బై అయిదు శాతం తప్పనిసరి."

తల్లిదండ్రుల గుంపు మొదటిసారి కూడినప్పుడు ఇరవై ఆరుగురూ కెమెరాలు ఆపేసి ఠంచనుగా ప్రెజెంట్ అని కొట్టారు. ప్రార్థన మనవులు మాత్రం అన్నీ "నేను పరీక్షలు బాగా రాయాలి" అనే వచ్చాయి.