కరేణమ్మ తలలో మడ్డి

ఒక పెద్ద అడవిలో జంతువులకు తక్కువైనవి రెండే. ఎండాకాలంలో నీళ్లు, ఏడాది పొడవునా బుద్ధి.

వాగులన్నీ ఎండిపోయాక కొండల నడుమ ఒక్క ఊట మాత్రం మిగిలేది. దాని దారి కరేణమ్మ అనే ముసలి ఏనుగుకే తెలుసు. ఏటా ఆమె ముందు నడిచేది, అడవంతా వెనకాల నడిచేది. ఆ దారేదో నేర్చుకుందామని ఒక్కరికీ తోచలేదు. కరేణమ్మ ఉండగా మనకెందుకీ శ్రమ అనుకునేవారు.

అలాంటి కరేణమ్మకు మతిమరుపు పట్టుకుంది. తిన్న సంగతి మరిచిపోయి మళ్లీ తినేది. రోజూ తిరిగే దారిలోనే నిలబడి దిక్కులు చూసేది.

అడవికి గుండె గుభేలుమంది. వెంటనే ఒక మండలి వేసుకుంది. దానికి అధ్యక్షుడు ఎలుగుబంటి వైద్యుడు భల్లూకాచార్యులు. మతి పోయి చచ్చిపోయిన ఏనుగుల తలల్లో జిగట మడ్డి పేరుకుని ఉంటుందని మొదట కనిపెట్టింది ఆయనే. అది అబద్ధమేమీ కాదు. ఆయన అక్కడితో ఆగిపోయి, ఆ మడ్డి మీదే పేరూ పీఠమూ కట్టుకున్నాడు.

కరేణమ్మంటే ఆయనకు ప్రాణం. చిన్నప్పుడు తల్లి నుంచి తప్పిపోయి ఏడుస్తుంటే, తోక పట్టుకోమని చెప్పి ఊట దాకా నడిపించింది ఆమే. ఇంత పెద్దాయనను ఇప్పటికీ బొచ్చోడా అని పిలవగలిగేది ఆమె ఒక్కతే.

మండలిలో ఒక ఆచారం ఉండేది. నడిమధ్య బండ మీద ఒక మడ్డిముద్ద పెట్టారు. మాట్లాడదలచినవాళ్లు దాని మీద చెయ్యి వేసి, తప్పంతా మడ్డిదేనని ప్రమాణం చెయ్యాలి. ఆ తర్వాత ఎవరి అభిప్రాయం వాళ్లు స్వేచ్ఛగా చెప్పుకోవచ్చు.

వడ్రంగిపిట్ట ముక్కురాయుడు ప్రమాణం చెయ్యకుండానే మొదలుపెట్టాడు. చచ్చిన జంతువుల పుర్రెలు తొలిచి చూడడం అతని వృత్తి. బతికున్నవాళ్ల బుర్రలు తొలవడం అలవాటు.

"తలలో వెంట్రుక కంటే సన్నని రక్తనాళాలున్నాయి. వాటి గోడల్లో కణాలు ఒకదాన్నొకటి ఆనుకుని కాపలా కాస్తుంటాయి. మేత లోపలికి పంపేదీ, విషాన్ని గడప దగ్గరే ఆపేదీ, మడ్డిని బయటికి తోసేదీ అవే. అవి జబ్బుపడ్డాయి, అందుకే మడ్డి మిగిలిపోయింది. ముందు ఆ గోడల సంగతి చూడండయ్యా" అన్నాడు.

సభ గొల్లుమంది. నెత్తురు పారే గొట్టాలకు కూడా ఇంత గౌరవమా అని కార్యదర్శి నక్క కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. భల్లూకాచార్యులకు మాత్రం లోపలెక్కడో కలుక్కుమంది. పిట్ట చెప్పింది నిజమైతే కరేణమ్మ గతేమిటి? నిజమైతే మరి తన పేరు గతేమిటి? ఆ రెండో ప్రశ్న మొదటిదాన్ని మింగేసింది. ఆయన పిట్ట మాట విచారించడానికి తాబేళ్లతో ఒక ఉపసంఘం వేసి, వానలు పడ్డాక కూర్చోమన్నాడు.

తర్వాత మడ్డిని కరిగించే కషాయం కాచి కరేణమ్మకు తన చేత్తోనే తాగించాడు. మడ్డి నిజంగానే కరిగింది. కానీ దాన్ని బయటికి చేర్చాల్సిన నాళాల గోడలు అప్పటికే శిథిలమైపోయాయి. అవి అక్కడక్కడా చిట్లి నెత్తురు కారింది. కరేణమ్మ కొన్నాళ్లు వణికిపోయి లేచింది. లేచాక ఎవర్ని చూసినా కొత్తగా చూసింది.

నక్క ఆమె తొండంలో వాసన చూసి, మడ్డి ఆనవాలు లేదని ధ్రువీకరించింది. చికిత్స సఫలమని మండలి తీర్మానించి ఆచార్యులకు పూలదండ వేసింది. పక్కనే నిలబడ్డ రోగి ఆ దండ తినేసింది.

ఎండలు ముదిరాయి. వాగులు ఎండాయి. అడవంతా ఎప్పటిలాగే కరేణమ్మ వెనక బారులు తీరింది. ఆమె నడిచింది, నడిచింది, చివరికి బయల్దేరిన ఇప్పచెట్టు దగ్గరికే వచ్చి నిలబడింది. మళ్లీ నడిపించినా మళ్లీ అదే చెట్టు. దూడలు దాహంతో నాలుకలు చాపి కూలబడ్డాయి.

జంతువులకు కోపం వచ్చింది, ఆ కోపంతో అక్కడే అత్యవసర సమావేశం పెట్టాయి. ముక్కురాయుణ్ణి అధ్యక్షుణ్ణి చేశాయి. అతను మడ్డిముద్ద తీయించి దాని స్థానంలో వెదురు గొట్టం పెట్టించాడు. ఇకమీదట తప్పంతా గోడలదేనని ప్రమాణం చెయ్యందే ఎవరూ నోరు తెరవకూడదన్నాడు. నీళ్ల సంగతేమిటని అడగబోయిన దుప్పిని ముందు ప్రమాణం చెయ్యమన్నాడు.

భల్లూకాచార్యులు సభలో లేడు. కరేణమ్మ దగ్గరికి వెళ్లి, "అత్తా, నేను బొచ్చోణ్ణి" అన్నాడు.

ఆమె ఆయన్ని చాలాసేపు చూసింది. "ఎవరి పిల్లవు నాయనా? తప్పిపోయావా? ఏడవకు. నా తోక పట్టుకో, నీళ్ల దగ్గరికి పోదాం."

ఆమె వెళ్లే చోట నీళ్లు లేవని ఆయనకు తెలుసు. అయినా తోక పట్టుకున్నాడు. ఏడుపు ఆపుకోలేకపోయాడు. ఇద్దరూ ఇప్పచెట్టు చుట్టూ తిరుగుతున్నారు. పక్కన సభ్యులు ఒక్కొక్కరే వెదురు గొట్టం మీద చెయ్యి వేస్తున్నారు.

నీతి: రోగికి జ్ఞాపకం పోయినా ఫర్వాలేదు, మండలికి ప్రమాణం గుర్తుంటే చాలు.