పియానో కాళ్లబేరం

ఆ ఉదయం ఏడు గంటలకు సర్వేయరుగారు వేసుకున్న పథకంలో రంపం లేదు. ఉన్నవి మూడే పనులు. భార్య కుడిచేతికి ఏ పనీ తగలకుండా చూడాలి. సాయంత్రం నాలుగింటికి వచ్చే ప్రిన్సిపాలుగారికి మంచి కుర్చీ వేయాలి. తాను ఎక్కువ మాట్లాడకూడదు. మూడోది భార్య చేర్చింది.

ఆమె పియానో టీచరు. సంగీత పాఠశాలలో తొమ్మిదేళ్లుగా తాత్కాలికం. తాత్కాలికానికి ఇంత ఆయుష్షు ఉంటుందని ఆ మాట పుట్టించినవాడికి కూడా తెలిసి ఉండదు. ఇన్నాళ్లకు ఒక శాశ్వత ఉద్యోగం ఖాళీ అయింది. దానికి ఆ పాఠశాలలో ఒక పద్ధతి ఉంది. పరీక్ష బడిలో పెట్టరు, టీచరు ఇంట్లో పెడతారు. ప్రిన్సిపాలుగారు స్వయంగా వచ్చి, టీచరు తన సొంత పియానో మీద వాయించేది వింటారు. అంతకుముందు నడుం వంచి పియానో కింద కూడా తొంగి చూస్తారు. సొంత వాయిద్యాన్ని చూసుకోలేనివాళ్లు పరాయి పిల్లల్ని ఏం చూసుకుంటారని ఆవిడ వాదం. వాయిద్యం బాగోలేకపోతే వాయిదా కూడా ఉండదు, నేరుగా వీడ్కోలే.

ఈ పరీక్ష కోసం రెండు వారాలపాటు రోజుకు ఆరేసి గంటలు సాధన చేసేసరికి టీచరుగారి కుడి మణికట్టు మొరాయించింది. మణి ఎటు పోయిందో గానీ కట్టు మాత్రం మిగిలింది, అదీ గుడ్డ కట్టు. ఫిజియోథెరపిస్టు చెప్పిన జాగ్రత్తలన్నీ సర్వేయరుగారు తన కొలతల పుస్తకంలో బొమ్మలతో సహా ఎక్కించుకున్నారు. కూర్చుంటే మోచేయి మీటలకు సమానంగానో, వెంట్రుకవాసి పైగానో ఉండాలి. మణికట్టు కిందికి వేలాడకూడదు, పైకి గూడు కట్టకూడదు, తిన్నగా ఉండాలి. ఇరవై నిమిషాలకోసారి చేతులకు విరామం ఇవ్వాలి. నొప్పి మొదలైతే అక్కడే ఆపెయ్యాలి, పంటి బిగువున వాయించకూడదు.

"ఏవండీ, ఫిజియో దగ్గరికెళ్లి మధ్యాహ్నానికల్లా వచ్చేస్తా. మీరు పియానో జోలికి మాత్రం వెళ్లకండి," అంది టీచరుగారు చెప్పులేసుకుంటూ.

"నేనెందుకెళ్తానోయ్? నాకు సరిగమలే రావు."

"రావు కాబట్టే చెప్తున్నా."

తలుపు మూసుకుంది. మరుక్షణం టేపు తెరుచుకుంది.

క్రితం రోజు ఆమె పియానో ముందు కూర్చున్నప్పుడే సర్వేయరుగారు ఆమె మోచేయి ఎత్తు గుట్టుగా కొలిచి పెట్టుకున్నారు. ఇప్పుడు మీటల ఎత్తు కొలిచారు. మోచేయి రెండంగుళాలు కింద ఉంది! వెంట్రుకవాసి ఉండాల్సిన చోట రెండంగుళాల తేడా! ఆయన ఉద్యోగంలో అంత తేడాకి రెండు కుటుంబాలు కోర్టుకెక్కుతాయి. నిర్ఘాంతపోయి మళ్లీ కొలిచారు. రెండే.

స్టూలు ఎత్తు పెంచుదామని చూశారు. అది గుండ్రటి ఇనప స్టూలు, నడుమ ఒకే ఒక్క కడ్డీ. దాని పీటను రెండు చేతులా పట్టి పైకి లాగారు. రాలేదు. కింద తన్నారు. స్టూలుకేం కాలేదు, ఆయన బొటనవేలికి అయింది. అప్పుడు ఆయన బుర్రలో తర్కం వెలిగింది. స్టూలు ఇనుము, పెరగదు. పియానో చెక్క, తరుగుతుంది. రెండింటికీ మధ్య తేడా పోవడమే కదా కావలసింది? స్టూలు లేవకపోతే పియానోయే దిగి రావాలి!

వడ్రంగం చేసే బావమరిదికి ఫోన్ వెళ్లింది. పావుగంటలో అతను భుజాన సంచీతో దిగాడు.

"ఏంటి బావా, పొద్దున్నే రంపంతో రమ్మన్నావ్? తలుపు బిగుసుకుందా?"

"తలుపు కాదురా. పియానో రెండంగుళాలు దించాలి."

ముందుగా అతని భుజం మీది సంచీ దిగింది, నేల మీదికి, ధబ్బుమని. "అక్కకి తెలుసా?"

"తెలిస్తే ఇంక ఆశ్చర్యం ఏముందిరా? వచ్చి కూర్చుంటుంది, చెయ్యి తిన్నగా ఉంటుంది, నోరెళ్లబెడుతుంది."

"నోరే వెళ్లబెడుతుందో, మనల్నే వెళ్లగొడుతుందో! స్టూలు మీద ఓ దిండెయ్యొచ్చు కదా?"

"దిండు కుంగుతుంది. కుంగేది కొలత కాదు."

అది మూడు కాళ్ల పియానో. ఒక్కో కాలి చివర ఇత్తడి చక్రం. ఇద్దరూ దాని కాళ్ల దగ్గర కూర్చున్నారు. జీవితంలో ఎవరి కాళ్లూ పట్టుకోనని చెప్పుకునే సర్వేయరుగారు ఆ రోజు ఒకేసారి మూడు కాళ్లు పట్టుకున్నారు. బావమరిది అడుగున దుంగ నిలబెట్టి, బరువు దాని మీదికి తెచ్చి, కోత మొదలెట్టాడు.

మొదటి కాలికి సర్వేయరుగారు నేల నుంచి రెండంగుళాలు కొలిచారు. రెండో కాలికి బావమరిది చక్రం పైనుంచి రెండంగుళాలు కొలిచాడు. ఎవరి వృత్తి ధర్మం వారిది. రెండు కాళ్లూ తెగాక రసమట్టం పెట్టి చూస్తే, అందులోని బుడగ ఒక మూలకు పరుగెత్తి నక్కింది.

"ఇటువైపు ఒరిగింది బావా!"

"అయితే అటువైపు కొయ్యి!"

అటు కోశాక ఇటు, ఇటు కోశాక వెనక. కొలతలు తక్కువ, కోతలు ఎక్కువ అయ్యాయి. వంటింట్లోంచి వచ్చిన అత్తగారు గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. ఆ గదిలో కొయ్యగా మిగిలింది అప్పటికి ఆవిడొక్కతే.

"అదేమిటి అల్లుడుగారూ, పియానో కూర్చుంటోంది?"

"కూర్చోవడం కాదు అత్తయ్యగారూ, సర్దుకుంటోంది."

"నా కూతురు కూడా అలాగే సర్దుకుంటోంది, ఇరవై రెండేళ్లుగా. ఒరేయ్, నీకైనా బుద్ధుండక్కర్లా?"

"బావ చెప్పాడమ్మా," అన్నాడు కొడుకు, నోట్లో రంపపు పొట్టుతో.

చివరికి బుడగ నడిమికొచ్చి నిలబడింది. ఇద్దరూ చేతులు దులుపుకున్నారు. సర్వేయరుగారు గర్వంగా టేపు తీశారు. పియానో దిగింది రెండంగుళాలు కాదు, నాలుగు. అంతకన్నా ఘోరం, పియానో అడుగున కాలితో నొక్కడానికి వేలాడే మూడు ఇత్తడి పెడళ్లు ఇప్పుడు వేలాడటం మానేసి నేలకు ఆనుకున్నాయి. నొక్కడానికి కింద చోటే లేదు. నేలను తవ్వితే తప్ప అవి కదలవు. సర్వేయరుగారు నేలకేసి ఒకసారి ఆశగా చూశారు కూడా.

"తవ్వడం నా పని కాదు బావా," అన్నాడు బావమరిది వెంటనే.

అప్పుడే గేటు చప్పుడైంది.

టీచరుగారు గదిలోకి వచ్చింది. పియానో వంక చూసింది. భర్త వంక చూసింది. తమ్ముడి కాళ్ల దగ్గర వరసగా పడున్న చెక్క ముక్కల వంక చూసింది. భుజాన బ్యాగు జారిపడింది. ఆమె అరిచి ఉంటే బాగుండేదని ముగ్గురికీ అనిపించింది.

"స్టూలు పెరగలేదోయ్," అన్నారు సర్వేయరుగారు సన్నగా. "అందుకని..."

ఆమె స్టూలు దగ్గరికి వెళ్లింది. ఎడమచేత్తో పీటను గిర్రున తిప్పింది. అది తిరుగుతూ తిరుగుతూ పైకి లేచింది. అంగుళం. రెండంగుళాలు. ఇంకా లేస్తానన్నట్టు ఆగింది.

"మరలు ఉన్నాయండీ దీనికి," అంది ఆమె. "రెండు వారాల కిందట పొడుగాటి అమ్మాయొకతి నేర్చుకోడానికొస్తే తిప్పి దించా. మళ్లీ పెంచడం మర్చిపోయి అలాగే వాయించా. అందుకే చెయ్యి పాడైంది. ఇందాక ఫిజియో అడిగితే గుర్తొచ్చింది. ఇంటికొచ్చి నాలుగు తిప్పులు తిప్పుదామనుకున్నా. అంతే."

"నాలుగు తిప్పులకి ఇన్ని తిప్పలా!" అన్నాడు తమ్ముడు, నోరు ఊరుకోక.

"నువ్వు నోర్ముయ్! తొమ్మిదేళ్లు ఎదురు చూశానురా ఈ రోజు కోసం. ఆవిడ కింద తొంగి చూస్తుంది! పెడళ్లు లేకుండా ఏం వాయించను? ఏం చూపించను?"

సర్వేయరుగారికి ఆ క్షణంలో తన కాళ్లు కూడా నాలుగంగుళాలు తెగినట్టనిపించింది. మిగిలిన మూడున్నర గంటల్లో పియానోను మళ్లీ లేపాలి. కాళ్ల కింద పెట్టడానికి సరిసమానమైన ఎత్తున్నవి మూడు కావాలి. ఇల్లంతా గాలిస్తే దొరికింది ఒక నిఘంటువు, మూడు సంపుటాలు, ఒక్కోటీ నాలుగంగుళాల మందం. ఆ ఇంట్లో ఎవరికీ మాటలు రాని ఆ సమయంలో దానితో వేరే పని కూడా లేదు.

"నువ్వు ముట్టుకోకు, దూరంగా ఉండు!" అని ముగ్గురూ టీచరుగారిని కుర్చీలో కూర్చోబెట్టారు. దుంగను పియానో కిందికి దూర్చి, దాని చివర మీద ముగ్గురూ బరువు వేశారు.

"మణికట్లు వంచకండి! తిన్నగా పెట్టండి! భుజాలు వదులుగా ఉంచండి!" అని ఆమె అక్కణ్నించి అరుస్తోంది. "అమ్మా, నువ్వెందుకే మధ్యలో?"

"ఈ ఇంట్లో బరువంటూ ఉన్నదాన్ని నేనొక్కదాన్నే!" అంది అత్తగారు, ఇంకాస్త మీదికి ఒరిగి.

మొదటి కాలు లేచింది, మొదటి సంపుటం చేరింది. రెండోదీ చేరింది. మూడో సంపుటాన్ని సర్వేయరుగారు కాలితో లోపలికి తోశారో లేదో, దుంగ జారింది. పియానో క్షేమంగా పుస్తకం మీద కూర్చుంది. కానీ దుంగను పట్టుకున్న చేతుల్లోంచి మూడు శబ్దాలు వచ్చాయి, టక్, టుక్, టిక్. వెంటనే మూడు కేకలు. సంగీతం తెలిసిన మనిషి గనక టీచరుగారు గమనించింది, మూడూ శ్రుతిలోనే ఉన్నాయి.

ఆమె మణికట్టు కోసం కొన్న గుడ్డ కట్టు మూడు ముక్కలైంది.

నాలుగింటికి ప్రిన్సిపాలుగారు వచ్చారు. తలుపు తీసిన సర్వేయరుగారి కుడిచేతికి కట్టు. నీళ్లు తెచ్చిన అత్తగారి చేతికి కట్టు, గ్లాసు ఎడమచేతిలో గడగడలాడుతోంది. మూల నిలబడ్డ బావమరిదికీ కట్టే. ఆవిడ కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"ఇంటిల్లిపాదీ పియానో వాయిస్తారా?"

"వాయించమండీ, ఎత్తుతాం," అన్నాడు బావమరిది. సర్వేయరుగారు ఎడమచేత్తో అతన్ని గిల్లారు.

పియానో మీంచి నేల దాకా అప్పటికే దుప్పటి కప్పి ఉంచారు. ప్రిన్సిపాలుగారు ఆ దుప్పటి అంచు పట్టుకుని, అలవాటు ప్రకారం నడుం వంచి, కిందకి తొంగి చూశారు. అలాగే ఉండిపోయారు. నడుం పట్టేసిందేమోనని అత్తగారు కంగారుపడింది.

"కాళ్ల కింద... నిఘంటువులా?"

"పదాల మీద నిలబడితే పాదాలు..." అని సర్వేయరుగారు ఎత్తుకున్నారు.

"మీరుండండి," అంది టీచరుగారు. ఆమె ముఖం పాలిపోయి ఉంది. "దాచడం నా వల్ల కాదండీ. నా చేతి నొప్పి తగ్గుతుందని మావారు పొద్దున పియానో కాళ్లు కోసేశారు."

"కోసేశారా!" ప్రిన్సిపాలుగారు గుండె మీద చెయ్యి వేసుకుని కుర్చీలో కూలబడ్డారు. చాలాసేపటి తర్వాత, బలహీనంగా, "వాయించండి," అన్నారు. అది వినడానికి కాదు, ఊపిరి తీసుకోవడానికి అడిగినట్టుంది.

టీచరుగారు కూర్చుంది. స్టూలు సరైన ఎత్తులో ఉంది, మోచేయి మీటలకు సమానంగా ఉంది, మణికట్టు తిన్నగా ఉంది. స్వరాలు ధారగా సాగాయి. ప్రిన్సిపాలుగారి ముఖంలోకి రంగు మెల్లగా తిరిగొచ్చింది. రెండు నిమిషాలు, మూడు. ఇక చివరి పేజీ. అన్నిటికన్నా కష్టమైనది, అన్నిటికన్నా అందమైనది, రెండు వారాలు ఆమె చెయ్యి అరగదీసింది దానికోసమే.

హఠాత్తుగా సంగీతం ఆగిపోయింది.

ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుంది. "క్షమించండి. నొప్పి మొదలైంది. ఇక వాయించను."

"ఒక్క పేజీయే కదే!" అంది తల్లి, ఏడుపు గొంతుతో.

"అక్కా, పళ్లు బిగించి లాగించెయ్!"

సర్వేయరుగారు మాత్రం తెల్లబోయిన ముఖంతో, కొలతల పుస్తకంలో తాను రాసుకున్న ఆఖరి వాక్యాన్ని గుర్తు చేసుకుంటున్నారు.

టీచరుగారు కళ్లు తుడుచుకుంది. "నా దగ్గరికొచ్చే పిల్లలకి నొప్పేస్తే ఆపెయ్యమని చెప్తానమ్మా. ఇప్పుడు ఉద్యోగం కోసం నేనే ఆపకపోతే రేపు వాళ్లకి ఏ మొహం పెట్టుకుని చెప్పను? పోతే పోయింది."

ప్రిన్సిపాలుగారు లేచారు. బ్యాగు తీసుకున్నారు. ఆవిడ బ్యాగులోంచి ఒక కాగితం తీసి పియానో మీద పెట్టారు. నియామక పత్రం.

"మా బడిలో నలుగురు టీచర్లు చేతికి కట్లతో ఇంట్లో పడున్నారు. నొప్పి పంటి బిగువున దాచారు. పిల్లలకీ అదే నేర్పారు. పదేళ్ల పిల్లలు మణికట్టు పట్టుకుని ఏడుస్తున్నారు తెలుసా? ఈ వారంలో మీకన్నా ముందు ఆరుగురి దగ్గర పరీక్ష పెట్టాను. ఆరుగురూ నొప్పితో మొహం చిట్లించుకుంటూనే చివరిదాకా వాయించారు. ఆపింది మీరొక్కరే."

"మరి... పియానో కాళ్లు?" అంది టీచరుగారు, నమ్మలేక.

"కాళ్లు కొత్తవి చేయించుకోవచ్చు. మణికట్టు ఏ వడ్రంగి చేసిస్తాడు?" అని బావమరిది వంక చూసి, "ఇతను మాత్రం వద్దు," అన్నారు. "వారం రోజులు చేతికి పూర్తిగా విశ్రాంతి ఇచ్చి, ఆ తర్వాత వచ్చి చేరండి. వేలు కూడా కదపకండి. ఇంట్లో ఇంతమంది ఉన్నారుగా, చూసుకుంటారు."

ఆవిడ వెళ్లాక సర్వేయరుగారు చొక్కా గుండీతో ఒంటిచేత్తో కుస్తీ పట్టి, ఓడి, "ఏమోయ్..." అన్నారు. "అమ్మాయ్, ఆ గిన్నె కాస్త దించవే," అని వంటింట్లోంచి అత్తగారు పిలిచింది. "అక్కా, ఈ సంచీ భుజానికి తగిలిస్తావా?" అన్నాడు తమ్ముడు, వెళ్లే ఉద్దేశం లేకుండానే సోఫాలో సర్దుకుంటూ.

ప్రిన్సిపాలుగారు ఇచ్చిన వారం రోజుల విశ్రాంతి ఒక్క పూట కూడా వృథా పోలేదు, ముగ్గురూ సమానంగా పంచుకున్నారు.