తలనొప్పికి నలభై అయిదు డిగ్రీలు

ఎవరి మనసూ నొప్పించకుండా ఇంత ఎత్తుకు ఎదిగిన వ్యవస్థ ఈ భూమ్మీద టోక్యో సంగీత విమర్శ ఒక్కటే.

ఆ నగరంలోని కోయెంజి పేట సందుల్లో పుట్టిన 'వాషింగ్ మెషిన్ బాధితుల సంఘం' అనే బ్యాండు ఆ వ్యవస్థ చేతికి చిక్కింది. గాయని పేరు ఇబుకి. సింథసైజర్‌ను పిడికిలితో గుద్దుతూ, పాత వాషింగ్ మెషిన్ కూతలకు తాళం వేస్తూ, అద్దె ఇళ్ల నిబంధనల మీద అరుస్తుంది. వాళ్ల మొదటి ఆల్బమ్ 'మూత సరిగా పడలేదు' విడుదలైన వారంలోనే పత్రికలన్నీ దాన్ని "ఆసక్తికరం" అన్నాయి. (ఈ మాటకు సగం విన్నామని అర్థం. "భవిష్యత్తుపై ఆశ కలిగిస్తోంది" అంటే ఆ సగమూ వినలేదని.)

"మూడేళ్లు గొంతు చించుకున్నానండీ," అంది ఇబుకి, రికార్డు కంపెనీ మేనేజరు దోబాషితో. "చెవులు మూసుకున్నానని ఒక్కడైనా రాయొచ్చుగా? అసలు ఎవరైనా విన్నారో లేదో తెలిసి చావడం లేదు."

"అందరూ మర్యాదగానే విన్నారమ్మా."

"మర్యాదగా వినడానికి అదేమన్నా సంతాపసభా?"

ఆమెకు కావలసింది నిజంగా విన్న మనిషి ఒక్కడు. చివరికి దొరికాడు. నగుమో అనే విమర్శకుడు "నాలుగో పాట దగ్గర నాకు తలనొప్పి వచ్చింది" అని అచ్చులో రాసేశాడు. ఇబుకికి ప్రాణం లేచొచ్చింది. ఆ నొప్పి కోసమే కదా నాలుగో పాటలో సూదిలాంటి కూత ఒకటి పెట్టింది! బ్యాండు వాళ్లందరికీ వేడివేడి కొరొక్కె కట్లెట్లు తినిపించింది.

మర్నాడు దోబాషి నల్లసూటులో, మిఠాయి పెట్టె పట్టుకుని వచ్చాడు.

"విమర్శకుడి తలకు అసౌకర్యం కలిగించాం. ప్రెస్‌మీట్ పెట్టి నడుం వంచి క్షమాపణ చెప్పుకోవాలి."

"అది పొగడ్తండీ బాబూ."

"అయితే మరీ మంచిది. మనస్ఫూర్తిగా వంగొచ్చు."

క్షమాపణ కోణాల సలహాదారును పిలిపించారు. తలనొప్పికి నలభై అయిదు డిగ్రీలు చాలునని ఆయన తేల్చాడు. (వాంతి అయి ఉంటే తొంభై. అదృష్టవశాత్తూ ఆల్బమ్‌కు అంత బలం లేదు.) ఇబుకి ఆకుపచ్చ జుట్టుకు ఆ ఒక్కపూటా నల్లరంగు వేయించారు.

తెల్లగుడ్డ పరిచిన బల్ల వెనక సంఘం వరసగా నిలబడింది. ఎదురుగా విలేకరుల మధ్య నగుమో కూర్చున్నాడు. ఇక వంగాల్సిన సమయంలో ఇబుకి ఉండబట్టలేకపోయింది.

"నగుమో గారూ, నొప్పి సరిగ్గా ఎక్కడ మొదలైంది? ఆ సన్నటి కూత దగ్గరేనా?"

నగుమో చప్పున లేచి ఆమెకన్నా ముందే వంగాడు.

"క్షమించండి. ముందురోజు తాగింది దిగలేదు. ఆ తలనొప్పి పూర్తిగా నాదే. మీ పాటకు ఏ సంబంధమూ లేదు."

ఇబుకి నీరుగారిపోయింది. ఎవరి మొహమూ చూడబుద్ధి కాక వంగింది. వంగి, లేవలేదు. తక్కినవాళ్లు లేచారు. దోబాషి రెండుసార్లు దగ్గాడు. ఆమె కన్నీళ్లు బల్ల మీది తెల్లగుడ్డను తడుపుతున్నాయి.

ఆ వారం సమీక్షల్లో "ఆసక్తికరం" అన్న మాట ఎక్కడా కనబడలేదు. ఆ వంగడంలో లోతుందని రాశారు. ఏడ్చామని కూడా కొందరు రాశారు. జనం కోరిక మేరకు సంఘం ఇప్పుడు ఊరూరా తిరిగి వంగుతోంది, టిక్కెట్లు దొరకడం లేదు.

రెండో ఆల్బమ్‌లో పాటలు ఉండవని కంపెనీ ప్రకటించింది. విమర్శకులు దాన్ని పరిణతి అన్నారు.