అప్పలకొండ తోక, పదకొండు ఉంగరాలు

"ఈ గనిలోకి ఇక ఒక్క పందికొక్కు కూడా దిగాల్సిన పని లేదు. దసరాకల్లా మూసేస్తాం. మాట తప్పితే నా తోక కోసుకోండి!"

ఒక పెద్ద అడవిలో, మెరుపురాళ్ల మండలి అధ్యక్షుడు గోధయ్య అనే ఉడుము పోయిన వేసవిలో అన్న మాటలివి. దసరా వచ్చింది, వెళ్లింది. గని తెరిచే ఉంది. గోధయ్య తోక కూడా ఉండాల్సిన చోటే ఉంది.

ఆ అడవిలో ఏ పక్షికి నిశ్చితార్థం జరగాలన్నా కాలివేలికి మెరుపురాయి ఉంగరం తొడగాల్సిందే. "రాయి లేని ప్రేమ రాలిపోయే ఈక" అని మండలి ప్రతి చెట్టుకూ రాయించింది. ఆ రాయి కొండ కింది గనిలో దొరికేది. తవ్వేది పందికొక్కులు. తొడుక్కునేది నెమళ్లు. పిచ్చుకలు చూసి మురిసేవి.

తవ్వేవాళ్లలో అప్పలకొండ ఒకడు. రెండేళ్ల కిందట గని కప్పు కూలి అతని తోక పోయింది, ఎడమ కాలు నలిగింది. ఒకరు మంచాన పడితే ఆ ఇంటి నుంచి ఇంకొకరు దిగాలన్నది మండలి నియమం. భార్య నూకాలు దిగింది. తనకేమైనా అయితే తర్వాత వంతు కూతురు సింహాచలానిది. ఆ పిల్లను మాత్రం గనిలోకి దింపనని నూకాలు ఒట్టు పెట్టుకుంది.

ఇలా ఉండగా, గని పక్కనే ఉన్న పుట్టలో చెదపురుగులు ఒక పని నేర్చాయి. వేడి, ఒత్తిడి, ఓపిక కలిపి అచ్చం అలాంటి రాయినే పండించాయి. అదే గట్టిదనం, అదే మెరుపు. గనిలో ఆవగింజంత దొరికితే గొప్ప. పుట్టలో రేగిపండంత రాయి నెలకో బుట్టెడు.

అడవి వెర్రెత్తిపోయింది. ప్రతి పిచ్చుక కాలికీ రేగిపండంత రాయే. ఒక పిచ్చుక పెళ్లికూతురు తాంబూలాలు పుచ్చుకుని ఎగరబోయి, కొమ్మ మీంచి సూటిగా కింద పడింది. "రాయి బరువమ్మా!" అని అత్తగారు పొంగిపోయింది. "మా కోడలు మూడు రోజులుగా నడుస్తూనే ఉంది!"

గోధయ్య తోక మీద ఒట్టేసింది ఆ ఊపులోనే. జనం చప్పట్లు కొట్టారు. నూకాలు ఆ రోజు ఇంటికెళ్లి మొగుడి పక్కన కూర్చుని చాలాసేపు ఏడ్చింది. సంతోషంతో.

వారం తిరక్కుండా నెమళ్ల పెద్దమ్మ కనకమాలిని మండలికి వచ్చింది.

"ఏమండీ గోధయ్య గారూ, పిచ్చుక కాలికీ రేగిపండే, మా అమ్మాయి కాలికీ రేగిపండేనా? ఇంక మేం నెమళ్లమని ఎలా తెలుస్తుంది?"

"మీకు పింఛం ఉంది కదమ్మా?"

"అది మగవాళ్లకి! ఆడవాళ్లం, మాకున్నది రాయొక్కటే!"

గోధయ్యకూ లోలోపల గుబులుగానే ఉంది. ముప్పై ఏళ్లుగా ఏరి దాచిన గని రాళ్లు అతని బొరియ నిండా ఉన్నాయి. అతను పరీక్షాధికారి గుడ్లగూబను పిలిపించాడు. గుడ్లగూబ రెండు రాళ్లనూ కొరికింది, ఉడికించింది, ఎండలో కళ్లు చికిలించి చూసింది.

"రెండూ ఒకటేనండీ."

"తేడా చెప్పు."

"లేదండీ."

"నీకు ఉద్యోగం ఉందా?"

"ఉందండీ."

"ఉండాలా?"

"ఉండాలండీ."

"అయితే తేడా కూడా ఉంటుంది. వెతుకు."

గుడ్లగూబ బుర్ర వెనక్కి తిప్పి ఆలోచించింది. "ఒక్కటుందండీ. పుట్ట రాయి కోసం ఎవరికీ దెబ్బ తగల్లేదు. గని రాయి కోసం ఎవరో ఒకరికి ఏదో ఒకటి పోయింది."

గోధయ్య ఎగిరి గంతేశాడు. "అదీ! దాన్ని త్యాగం అంటారు!"

చెట్టు మీద ఉన్నవాడు 'త్యాగం' అన్నాడంటే, చెట్టు కింద ఎవరిదో కాలు పోయిందని అర్థం.

ఆషాఢంలో కొత్త నియమం వచ్చింది. ప్రతి గని రాయికీ ఒక మోదుగాకు జత చేస్తారు. తవ్విందెవరు, వాళ్లకు పోయిందేమిటి, ఆకు మీద రాస్తారు. దాని పేరు త్యాగపత్రం. నిశ్చితార్థంలో చిలుక దాన్ని బిగ్గరగా చదవాలి. ఆకు లేని రాయి గులకరాయితో సమానం.

ఒట్టేసిన నాడు ఆపిన గని మళ్లీ తెరిచారు. నూకాలు మండలికి పరుగెత్తింది.

"ఏటి బాబూ, మూసేస్తానన్నావు గదా?"

"మూసేస్తామమ్మా, దశలవారీగా. మొదటి దశ, తెరవడం."

"మరి తోక కోసుకోమన్నావు?"

"అది భావోద్వేగంలో అన్న మాటమ్మా."

శ్రావణానికల్లా నెమళ్ల ఇళ్లలో కబుర్లన్నీ అవే. "మా రాయికి ఒక కాలు." "ఒక్క కాలేనా వదినా? మా రాయికి కాలూ, చెవీ!" దెబ్బ ఎంత పెద్దదైతే సంబంధం అంత గొప్పది.

పందికొక్కులు ఊరికే కూర్చోలేదు. నిటారుగా లోతుకు దిగమంటే పందికొక్కుకు ఏడుపు, పక్కకు తొలచమంటే పండగ. గనిలోకి దిగిన నాలుగో అడుగు దగ్గరే అవి పక్కకు తిరిగి, పుట్ట దాకా సొరంగం వేశాయి. చెదలకు కావలసింది మెత్తటి మట్టి. పందికొక్కులకు మట్టికేం కొదవ? మట్టి ఇచ్చి, ఆవగింజంతటి చిన్న రాళ్లు ఏరి తెచ్చుకున్నాయి. పైకొచ్చేటప్పుడు దెబ్బ తగిలినట్టు కాళ్లకు ఆకులు చుట్టుకుని కుంటేవి. పైన మండలి గుమాస్తా కాకి అడిగేది, "ఏం పోయింది?"

"మా ఇంట్లో తోక పోనాదయ్యా," అనేది నూకాలు. కాకి రాసుకునేది.

సింహాచలానికి ఆవేశం ఎక్కువ. "అమ్మా, దొంగచాటెందుకు? తవ్వేవాళ్లదే రాయి అని గట్టిగా అడుగుదాం!"

"రాయేం సేసుకుంటావే, నమిలి మింగుతావా? నోర్మూసుకుని కుంటు."

శ్రావణ శుక్రవారం నాడు కనకమాలిని కూతురి నిశ్చితార్థం జరిగింది. గోధయ్యే పెద్దమనిషి. చిలుక గొంతు సవరించుకుని పెళ్లికూతురి ఆకు చదివింది.

"ఈ రాయికై త్యాగం చేసినది అప్పలకొండ అను పందికొక్కు. పోయినది తోక."

"ఆహా!" అన్నారు నెమళ్లు.

చిలుక పెళ్లికొడుకు ఆకు అందుకుంది. "ఈ రాయికై త్యాగం చేసినది అప్పలకొండ అను పందికొక్కు. పోయినది... తోక."

నెమళ్లు మెడలు చాచారు. వెనక వరుసలోంచి ఒక ముసలి నెమలి లేచింది. "మా కోడలి ఆకులో కూడా అదే తోకే!"

"మాదీ!" "మా తోడికోడలిదీ!"

మొత్తం పదకొండు ఉంగరాలు తేలాయి.

నూకాలును పట్టుకొచ్చారు. గోధయ్య కోపంతో నాలుక చాపాడు. "ఒక్క పందికొక్కుకి పదకొండు తోకలా?"

"ఒక్కటే బాబూ. కానీ మీ కాకి ఎప్పుడు పోయిందని అడగనేదు. ఏం పోయిందని అడిగినాడు. దిగిన పెతీసారీ సూసుకున్నాం. పెతీసారీ లేదు."

"మరి రాళ్లు?"

"పుట్టవే."

కనకమాలిని కూలబడింది. పెళ్లికూతురు కాలు ఎత్తి చూసుకుంది. "అమ్మా, నాకు తేడా తెలియలేదే!"

"ష్! మొదట్నుంచీ అనుమానంగానే ఉందని చెప్పు!"

గోధయ్య తడబడుతూ పక్కనే ఉన్న తన బొరియ తెరిచాడు. "కంగారుపడకండి! ఇవిగో, ముప్పై ఏళ్ల అసలు సిసలు గని రాళ్లు!"

నెమళ్లు మూగాయి. కనకమాలిని లేచి ఒక రాయి ముక్కుతో ఎత్తి చూసింది.

"ఆకేది?"

గోధయ్య బొరియ మూలలన్నీ వెతికాడు. ఆ రాళ్ల కింద ఎవరు నలిగారో ముప్పై ఏళ్లలో ఎవరూ రాసిపెట్టలేదు.

"ఆకు లేని రాయి గులకరాయి," అంది చిలుక. దానికి నేర్పింది గోధయ్యే.

ఆ పందిట్లో నిజమైన గని రాళ్లంటే అవే. ఇప్పుడు పిచ్చుక పిల్లలు వాటితో అచ్చనగాయలు ఆడుతున్నాయి.

ఇక్కడితో గోధయ్య బుద్ధి తెచ్చుకుంటే అది ఉడుంపట్టు ఎందుకవుతుంది? లోపం గనిలో లేదు, లెక్కలో ఉందని మండలి తీర్మానించింది. పక్క సొరంగం పూడ్చేశారు. ఇకపై దిగేటప్పుడు ఒకసారి, ఎక్కేటప్పుడు ఒకసారి ప్రతి పందికొక్కు కాళ్లూ తోకా లెక్కపెడతారు. మోసం చేసిన నూకాలును పనిలోంచి తీసేశారు. ఆ ఇంటి నుంచి దిగాల్సిన తర్వాతి పేరు జాబితాలో అన్నిటికన్నా పైన ఉంది: సింహాచలం. కార్తీక పున్నమి మర్నాడు తొలి దిగుడు.

నిన్న పందికొక్కులన్నీ గోధయ్య బొరియ ముందు కూర్చున్నాయి. "తవ్వేవాళ్లదే రాయి!" అని సింహాచలం అరిచింది.

ఈసారి నూకాలు కూతుర్ని ఆపలేదు. తను కూడా లేచింది. "రాయి నువ్వే ఉంచుకో బాబూ. నీకాడ మాదొకటుంది, అదడగడానికొచ్చినాం."

బొరియ గుమ్మానికి ఒక మోదుగాకు గుచ్చింది. త్యాగపత్రమే. 'పోయినది' అన్నచోట 'తోక' అని రాసి ఉంది. పేరు రాయాల్సిన చోట మాత్రం గోధయ్య అని ఉంది.

నీతి: రాయి అసలుదని రుజువు చేయడానికి పేదవాడి కాలు కావాలి, మాట అసలుదని రుజువు చేయడానికి పెద్దవాడి తోక చాలు.

గని మూయడమా, తోక ఇవ్వడమా? పందికొక్కులకు జవాబు కార్తీక పున్నమి పొద్దుగూకేలోగా కావాలి.