కంపెనీ పుట్టిల్లు

ఆదివారం పొద్దున్న సత్యశ్రీ అనుకున్నది చిన్న పనే. పదింటిలోగా కూతురు బిందుప్రియ హోంవర్కు ముగించి, తర్వాత బట్టలు నానబెట్టాలి. నాలుగో తరగతి టీచరు ఒక్కో పిల్లకు ఒక్కో ఇంగ్లీషు మాట ఇచ్చింది. అది ఎక్కడినుంచి వచ్చిందో ఇంట్లో అడిగి తెలుసుకుని, సోమవారం క్లాసులో చెప్పాలి. బిందుప్రియకు ‘కంపెనీ’ వచ్చింది.

హిందీ మాట్లాడే ఊళ్లో ప్లాంటు కట్టిన కాలనీ అది; సెక్టర్ 4లో ఆ మాట అననివాళ్లు లేరు. కంపెనీ క్వార్టరు, కంపెనీ నీళ్లు, కంపెనీ ఆసుపత్రి. ఇంతకీ ఇది మొదట ఎవరి నోట్లో పుట్టింది? సత్యశ్రీకి తెలుసుకోవాలని మనసు లాగింది. ఫోనులో వెతికితే వచ్చిందంతా ఇంగ్లీషే. తన చదువు ఎనిమిదితో ఆగిందని టీచరుకు తెలిసిపోతుందేమోనని బెంగ.

ప్లాంటు ఆఫీసులో రిటైరైన గోవిందరావుకు ఫోను చేసింది.

“ఏటమ్మా, గొంతు అలగుందేటి?”

“ఫోన్లో చెప్పలేను బాబాయ్. ఒకపాలి మీరే రండి.”

సిగ్గుతో వణికిన ఆ గొంతు విని, సత్యశ్రీ ముసలి అత్త వరలక్ష్మమ్మ పోయిందని ఆయన తేల్చేసుకున్నాడు. చొక్కా తొడుక్కుంటూ పక్కింటి నూకరాజుకు చెప్పాడు. నూకరాజు కాలనీలోని తెలుగువాళ్లందరికీ చెప్పాడు. మనిషి పోయిన ఇంట పొయ్యి వెలిగించరు కాబట్టి, అరగంటలో ఉప్మా, ఇడ్లీలు, పులిహోర సత్యశ్రీ ఇంటికి చేరాయి. తలలు వంచుకుని నిలబడ్డ ఇంతమంది ముందు సత్యశ్రీకి అడగడానికి నోరు రాలేదు. తన చదువులేమి సంగతి బాబాయి అందరికీ చెప్పేశాడనుకుంది.

ఎదురింటి భాగ్యరేఖ చెయ్యి పట్టుకుంది. “ఎప్పుడు తెలిసింది దీదీ?”

“నిన్న బడి వదిలాక. అప్పట్నుంచి అన్నం సయించట్లేదు.”

కాసేపటికి టీచరు కృష్ణప్రియ కూడా వచ్చింది, చేతిలో రెండు బ్రెడ్డు ప్యాకెట్లతో. ఆమె వెనకే తోటకూర సంచీతో వరలక్ష్మమ్మ బజారు నుంచి వచ్చింది.

“ఎవరు పోయారర్రా?”

“మీరేననుకున్నాం,” అన్నాడు గోవిందరావు. ఆ మాటతో సత్యశ్రీకి సంగతి అర్థమై ఏడుపొచ్చింది. “నాకు చదువు లేదు టీచరమ్మా. కంపెనీ అన్న మాట ఎక్కడిదో అడుగుదామని బాబాయిని పిలిచానంతే.”

“సచ్ చెప్పాలంటే, నాకూ తెలీదు దీదీ,” అని కృష్ణప్రియ అక్కడే ఫోను తీసి చదివి చెప్పింది. పాత లాటిన్‌లో ఒక ముక్కకు ‘కలిసి’ అని, రెండో ముక్కకు ‘రొట్టె’ అని అర్థమట. కలిసి రొట్టె తినేవాళ్లే కంపెనీ అట.

అందరూ గిన్నెలవైపు చూశారు.

“రేపు పిల్లతోపాటు మీరూ క్లాసుకి రండి. ఇది ఎలా తెలిసిందో మీరే చెప్పాలి,” అంది టీచరు.

అందరికన్నా ముందు పళ్లెం అందుకున్న వరలక్ష్మమ్మ, తను పోయినందుకు వచ్చిన ఉప్మాలో ఉప్పు తగ్గిందంది.